మిట్టకూ పల్లానికీ ఒకే ఎరువు చీటీ గురించి

వ్యవసాయ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వానాధారపు వాలు పొలమునకు మిట్ట, నడుమ, పల్లము వారీగా ఎరువు మోతాదు వేర్వేరుగా నిర్ణయించి ఇప్పించుట గురించి.

1. తమ కార్యాలయము వారు దయచేసిన భూసార పరీక్ష చీటీలో నా జొన్న చేను మొత్తానికి ఒకే మోతాదు యూరియా రాసియున్నారు. మట్టి తీయ వచ్చిన ఉద్యోగి చేను నడుమ, బాట పక్కన ఒక్కచోటనే గుంత తవ్వి సంచి నింపుకొనినాడు. "పైన కూడా తీయి బాబూ, అక్కడ జానెడు లోతుకే రాయి తగులుతుంది" అన్నాను. "చేనుకు ఒక సంచే అండీ. ఫారంలో ఒకటే గడి ఉంది" అన్నాడు. అతని తప్పు లేదు. గడి ఒకటే ఉన్నది, నేనూ చూసితిని.

2. చీటీలో ఉన్నట్టే వేసితిని. మిట్ట మీద పైరు మొదట నల్లగా, ఏపుగా లేచినది. అంతలో వాన మొహం చాటేసింది. పలచని నేలలో తడి ఆరిపోయి, ఎదిగిన పైరు ఎదిగినట్టే ఎండినది, కంకి వేయలేదు. కడుపునిండా పెట్టి మంచినీళ్లు ఇవ్వనట్టయినది. తరువాత ఒక్కపెట్టున కురిసిన వానకు మిగిలిన ఎరువు మట్టితో సహా కిందికి కొట్టుకుపోయినది.

3. కింది చేను మా అన్నగారిది. తండ్రిగారి పొలము పంచుకొన్నప్పుడు పల్లము వారికి, మిట్ట నాకు వచ్చినవి. ఆనాడు నేనొక మాట అన్నాను. అది ఈ అర్జీకి సంబంధించినది కాదు. తొమ్మిదేళ్లుగా మా నడుమ మాటలు లేవు. నా భార్య పోయిన రోజున వారు వచ్చి, వాకిట్లో చాలాసేపు కూర్చుని, లేచి వెళ్లినారు.

4. పల్లములో సారము ఇదివరకే ఉన్నది. చీటీ ప్రకారము వారూ పూర్తి మోతాదు వేసిరి. పైనుంచి నాదీ చేరినది. జొన్న నిలువెత్తుకు మించి పెరిగి, గాలికి సగము చేను పడిపోయినది. మర్నాడు పొద్దున్నే అన్నగారు గట్టు మీదికి వచ్చి,

"ఏరా, నీ ఎరువంతా నా చేలోకే పంపాలా? వచ్చి చూడు, చాప పరిచినట్టు పడుకుంది" అన్నారు.

"నాదీ పోయిందన్నయ్యా" అన్నాను.

వారు మిట్ట దాకా ఎక్కివచ్చి, ఒక మొక్క పీకి వేరు చూసి, "ఇంత పలచటి నేలకి అంత ఎందుకు వేశావురా? నాన్న ఇక్కడ పెంట తోలి, నేలలో తడి పదును చూసి ఎరువు కొంచెం కొంచెంగా చల్లేవాడు కదా" అన్నారు. నేను చీటీ చూపితిని. వారూ జేబులోంచి తమది తీసినారు. రెండింటిలోనూ అవే అంకెలు. ఇద్దరమూ నవ్వితిమి. తరువాత అన్నగారు చీటీ మడిచి జేబులో పెట్టుకొనినారు. వారు దిగిపోయినారు.

ఆ పంటకాలమంతటిలో నాతో మాట్లాడినవారు ఎరువుల దుకాణము గుమస్తా, తమ ఉద్యోగి, అన్నగారు, ఈ ముగ్గురే. ఆ పొద్దు ఇంటికి వచ్చి రేడియో కూడా పెట్టలేదు. అన్నగారన్న మాటలే చాలినవి.

5. కావున తాము దయయుంచి, నడిమి గట్టును లెక్కలోకి తీసుకొనక, రెండు చేలనూ ఒకే వాలుగా పరిగణించి, మూడు చోట్ల మట్టి తీయించి, మిట్టకు తక్కువగా, అదీ పదును చూసి విడతలుగాను, నడుమకు పూర్తిగాను, పల్లమునకు తగ్గించియు మోతాదు ఖాయపరచవలెనని కోరుచున్నాను. పోయిన పంటకు ఏమీ అడుగుట లేదు.

ఈ మనవిని చిత్తగించి, విత్తులు వేయు లోపుగా ఉత్తర్వు దయచేయ ప్రార్థన.

తమ విధేయుడు,
మిట్ట చేను రైతు

తా.క.: మట్టి తీయు రోజున ఇద్దరు రైతులూ తప్పక హాజరు కావలెనని నోటీసులో రాయించండి. నేను పిలిస్తే వస్తారో రారో నాకు తెలియదు, పిలిచే ధైర్యమూ లేదు. సర్కారు కాగితం వస్తే వస్తారు. పని ఒక పూటలో అయిపోతుందని నాకూ తెలుసు. అయినా రోజంతా పడుతుందని రాయండి.