నిప్పుముద్ద ఆకారం

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

సీసం కేంద్రకాలు ఢీకొంటే పుట్టే నిప్పుముద్ద ఆకారం కొలవడమే నా పరిశోధన అన్నప్పుడు, "కండ్లకు కానరానిదాన్ని ఎట్ల కొలుస్తవ్‌రా?" అని సూరత్ మగ్గాల షెడ్డులో అందరి ముందు ఎగతాళి చేశావు.

ఇప్పుడు విను. అది పుట్టీపుట్టగానే మాయమవుతుంది. దాన్నుంచి ఎగిరిపడ్డ ఒకేరకం కణాలను జతలుగా పోల్చి, అదెలా ఉండేదో చెబుతాం.

పొద్దున సూరత్‌లో, మన పాండేసర పేట ఇంట్లో, ఇక్కడ నిషేధమైనా నీకిష్టమని దొంగచాటుగా తెచ్చిన సారాను నీ ఫొటో ముందు పెట్టారు. "నా తమ్ముడు బంగారమసొంటోడు" అంటూ పెద్దబాపు మమ్మల్ని దీవించడానికి చెయ్యెత్తాడు.

నేనూ చెల్లీ ఒకేసారి మోచేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాం.

పెద్దబాపు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ తర్వాత నిన్నెవరూ పొగడలేదు.