నలభై ఒకటో పేరు

నల్లపాడు
మార్చి 14

ప్రియమైన నాన్నకు,

ఫోనులో అయితే ఇద్దరం గొడవపడతామని ఉత్తరం రాస్తున్నాను. బస్తాలకెత్తిన మన మిర్చి టిక్కీలన్నీ మా కోల్డ్ స్టోరేజీకి క్షేమంగా చేరాయి. మూడో ఛాంబర్‌లో పెట్టించాను.

ఇక్కడ నాకు భద్రత చూసే పని అప్పగించారు. నెలకోసారి చెప్పకుండా ఈల ఊదుతాను. హమాలీలందరూ పని వదిలి లారీ కాటా దగ్గరికి రావాలి. పేర్లు పిలిచి చూసుకుంటాను. మేస్త్రీ సుభానీ "అగ్గి లేకుండానే ఈ పరుగులేందమ్మా" అంటాడు. అందరూ నవ్వుతారు. నేను మాత్రం మానలేదు.

నీ హారిక

సింగరాయకొండ మండలం
మార్చి 25

అమ్మా హారికా,

నీతో చదివినవాళ్లు ఆఫీసుల్లో కూర్చుంటే, నువ్వు హమాలీల మధ్య ఈలలు ఊదుతున్నావని ఊరంతా చెప్పుకుంటున్నారు. అక్కడ హమాలీగా పనిచేసే మన ఊరి బుడాన్, వాళ్ల నాన్న అల్లాబక్షుతో చెప్పాడట. నాకు తలకొట్టేసినట్టయింది. రాని కీడుని తలుచుకుంటూ కూర్చోవడం దేనికి? ఆ పని ఇంకొకరికి ఒప్పజెప్పు.

టిక్కీలు జాగ్రత్త. ఈ ఏడాది మనకు అవే ఆధారం.

మీ నాన్న
యలమందయ్య

నల్లపాడు
మే 11

నాన్నా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు రోజులు కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడో ఛాంబర్‌లో వైర్లు కాలి నిప్పంటుకుంది. పొయ్యిలో ఒక్క ఎండుమిరపకాయ పడితేనే ఇంట్లో ఉండలేం. వేల టిక్కీలు అంటుకుంటే ఆ ఘాటు ఎలా ఉంటుందో ఊహించుకో. ఈల ఊదాను. ఎవరూ తోసుకోలేదు. అలవాటైన దారినే కాటా దగ్గరికి చేరారు. పేర్లు పిలిచాను. నలభై మంది పలికారు. నలభై ఒకటో పేరు బుడాన్‌ది. పలకలేదు.

పై అంతస్తుకు పంపానని సుభానీ చెప్పాడు. ఫైరింజన్ రాగానే ఎక్కడ వెతకాలో చూపించాను. స్పృహ తప్పి మెట్ల దగ్గర పడి ఉన్నాడట, మోసుకొచ్చారు. బతికాడు.

ఫైరింజన్ రాకముందే సుభానీ నా దగ్గరికొచ్చి, "మీ టిక్కీలు తలుపు పక్కనే ఉన్నాయమ్మా, నలుగురం వెళ్తే లాగేస్తాం" అన్నాడు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఒక్కరినీ వెళ్లనివ్వలేదు. మన పంటంతా నా కళ్లముందే కాలిపోయింది.

నన్ను క్షమించు నాన్నా.

హారిక

సింగరాయకొండ మండలం
మే 18

నా తల్లీ,

నీ ఉత్తరం కంటే ముందే బుడాన్ వచ్చాడు. అల్లాబక్షు కొడుకుని మన ఇంటికి తీసుకొచ్చి, నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

బాధ లేదంటే అబద్ధం. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. కానీ నా మిర్చి కోసం ఎవరో లోపలికెళ్లి తిరిగి రాకపోయి ఉంటే, నేను మళ్లీ చేలో కాలు పెట్టగలిగేవాణ్ణి కాదు. క్షమించమని అడగాల్సింది నువ్వు కాదమ్మా.

నిన్న గ్రామసభలో లేచి మాట్లాడాను. అరవై రెండేళ్లలో అదే మొదటిసారి. తుఫానుల కాలం వచ్చేలోపు, నువ్వు అక్కడ చేయించినట్టే ఊరు కూడా సాధన చేయాలనీ, నడవలేనివాళ్లను ఎవరు తీసుకెళ్లాలో ముందే రాసిపెట్టుకోవాలనీ అన్నాను. "ఇవన్నీ మనకెవరు నేర్పుతారు పెద్దాయనా?" అని సర్పంచి అడిగాడు.

"మా అమ్మాయి" అన్నాను. అల్లాబక్షు లేచి మిగతాదంతా చెప్పాడు.

వచ్చే ఆదివారం రా. ఊరంతా హైస్కూలు దగ్గర ఉంటుంది. మంచాన పడ్డ చెంచురామయ్యను మోసే పనికి నా పేరు ఇప్పటికే రాయించాను.

నిన్ను కన్నందుకు గర్వపడుతూ,
నాన్న