పెన్సిల్‌తో రాసిన వాయిదా

అరవై ఎనిమిదేళ్ళ న్యాయవాదిని, అవివాహితను అయిన నేను పూర్తి తెలివితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా సొంత దస్తూరితో రాసుకుంటున్న వీలునామా ఇది. కాలేయం పాడైందనీ, మూడు నెలలు గడవడం కష్టమనీ డాక్టరమ్మ చెప్పింది. ఒళ్ళు నా మాట వినడం మానేసింది గానీ బుర్ర ఇంకా వింటోంది. ఇంతకుముందు రాసిన వీలునామాలేవీ ఇక చెల్లవు.

1. దీన్ని అమలు చేసే బాధ్యత నా జూనియర్‌ది. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళ కేసులు ఉచితంగా చూడటానికి మా లా ఆఫీసులో ఒక బల్ల ఉంది. ఇరవై రెండేళ్ళు అక్కడ నేను కూర్చున్నాను, ఇప్పుడు ఆ పిల్ల కూర్చుంటోంది. తొందరపాటు మనిషే గానీ అబద్ధం చెప్పడం చేతకాదు. నాకు కావలసింది అదే.

2. నా తమ్ముడికి న్యాయశాస్త్ర పుస్తకాల బీరువా. వాడు ఒక్క పేజీ కూడా తిప్పడని తెలుసు. అమ్మ పోయిన రోజు నేను కోర్టులో ఉన్నానని పదిహేనేళ్ళుగా దెప్పుతూనే ఉన్నాడు. ఆ బీరువా వాడి హాల్లో సగం ఆక్రమించుకుని, వాడు అటు వెళ్ళినా ఇటు వెళ్ళినా మోకాలికి తగలాలని నా కోరిక.

3. మేనకోడలికి నా చేతి గడియారం, ఏడో అంశంలో చెప్పిన గది మినహా నా ఇల్లు. గడియారం అయిదు నిమిషాలు ముందుకు తిప్పి ఉంటుంది, సరిచెయ్యకు తల్లీ. పసిపిల్లగా ఉన్నప్పుడు నా మణికట్టు చెవికి ఆనించుకుని, ఆ చప్పుడు వింటేనే నిద్రపోయేదానివి.

4. మా ఆఫీసు పెద్దాయనకు నా గోడ మీది ఫొటో. పేదలకు ఉచిత సేవ చేసినందుకు మాకు షీల్డు ఇచ్చినప్పటిది. అందులో ఆయన పక్కన బిత్తరపోయి నిలబడ్డావిడ ఎవరని ఆయన ఇంతవరకూ అడగలేదు. కిందిది చదివితే తెలుస్తుంది.

5. ఆవిడ బట్టలు కుట్టుకుని బతికే మనిషి. మా దగ్గరికొచ్చి బెంచీ మీద వంతు కోసం ఊరికే కూర్చోలేక, మా నల్లకోట్లకు ఊడిన గుండీలు కుట్టిపెట్టేది. అందుకే గుండీలమ్మ అన్నాం. ఆవిడ కాపురమూ, కుట్టుమిషనూ ఒకే గదిలో. ఆవిడ బతికున్నంతకాలం అందులో ఉండమని పాత యజమాని కాగితం రాసిచ్చాడు. ఆయన పోయాక కొడుకులు ఖాళీ చెయ్యమని కేసు వేశారు. ఆ కాగితం చూపిస్తే చాలు, గెలిచే కేసు.

మా ఆఫీసు డైరీలో ఫీజు కేసుల వాయిదాలు పెన్నుతో, ఉచిత కేసులవి పెన్సిల్‌తో రాయాలి. ఒకే రోజు రెండూ పడితే పెన్సిల్‌ది చెరిపి, కోర్టును మరో తేదీ అడగాలి. ఈ పద్ధతి పెట్టింది పెద్దాయన, నోరు మూసుకుని పాటించింది నేను. నాలుగేళ్ళ కిందట ఒక సిమెంటు కంపెనీ కోసం గుండీలమ్మ వాయిదా చెరిపాను. మరో తేదీ అడగడం మర్చిపోయాను. ఆ ఉదయం ఆవిడ కోర్టు హాల్లో ఒక్కతే నిలబడి, నేను వస్తానని తలుపు వైపే చూసిందట. కాగితం నా ఫైల్లోనే ఉండిపోయింది. ఆవిడ తరఫున లాయరు రాలేదని ఏకపక్షంగా తీర్పు చెప్పేశారు. పదిహేను రోజులు తిరక్కుండా మిషను వీధిలో పడింది.

ఆ సాయంత్రం ఆవిడతో, వేరే తేదీ అడిగాననీ, జడ్జిగారు ఇవ్వలేదనీ అబద్ధం చెప్పాను. “మీరు మాత్రం ఏం చేస్తారు మేడమ్, అడిగారు కదా” అంది. నా కోటు చేతి గుండీ వేలాడుతోందని సూదీ దారమూ తీసి, అక్కడే కుట్టిపెట్టి మరీ వెళ్ళింది. తప్పు నాదని నేను మర్నాడే కోర్టుకు రాసిచ్చి ఉంటే ఆ కేసు మళ్ళీ విని ఉండేవారు. పరువు పోతుందని రాయలేదు. ఇప్పుడావిడ ఎవరింటి మెట్ల కిందో పడుకుంటోంది.

6. ఆ డైరీ, తప్పంతా నాదేనని రాసిన అఫిడవిట్, పాత యజమాని కాగితమున్న ఫైలు ఈ రోజే జూనియర్ చేతికిచ్చాను. ఆవిడను ఖాళీ చేయించిన గది ఇంకా తాళం వేసే ఉంది. నా చావు కోసం ఆగకుండా కేసు తిరగతోడాలి. కొత్త వాయిదా పెన్నుతో రాయి. పెద్దాయన అడిగితే నా పేరు చెప్పు.

7. నా ఇంట్లో వీధి వైపు గది గుండీలమ్మకు, సర్వహక్కులతో. కేసు ఓడినా గెలిచినా సరే. కానీ కేసు తిరగతోడే దరఖాస్తు మీద ఆవిడ సంతకం తీసుకునేముందు అయిదో అంశం చదివి వినిపించాలి. గది మాట ముందే ఎత్తితే నన్ను క్షమించేస్తుంది, ఆవిడ సంగతి నాకు తెలుసు. ముందు కసితీరా తిట్టనివ్వండి.

8. నల్లకోటు ఎవరికీ రాయడం లేదు. దాన్ని తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ గుండీ మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.

నీ నోటితో నువ్వే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. గుండీలమ్మ రోజూ నన్ను చూడటానికి ఆసుపత్రికి వస్తోంది. నిన్న చెబుదామనే నోరు తెరిచాను. నీళ్ళు కావాలేమోనని గ్లాసు అందించింది. తాగేశాను. రేపు జూనియర్ ఇది చదివి వినిపిస్తుంది. ఎల్లుండి నుంచి ఆవిడ రాకపోతే, ఎందుకు రాలేదని ఎవరూ అడగవద్దు.

నవంబరు పద్నాలుగు, శుక్రవారం. ఆసుపత్రి రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం.

సంతకం: పైన చెప్పిన న్యాయవాదిని

మా ఎదుటే సంతకం చేశారు. సాక్షులు:
1. ఈ వార్డు నర్సు
2. పక్క మంచం ఆవిడ భర్త, వడ్రంగి