మామయ్య గిటారు ముట్టుకున్నవాడి వీలునామా

ఈ కాగితం వల్ల మా వంశ గౌరవానికీ, హీలో పట్టణ శాంతికీ, యావత్ సంగీత ప్రపంచానికీ కలగబోయే తీరని నష్టానికి శిరసు వంచి క్షమాపణ వేడుకుంటున్నాను. వంచిన శిరసు రేపు మామయ్య చేతికి అందేలా ఉంటుంది కూడా.

హీలోలోని కెయౌకహా కాపురస్థుడనైన కవికా నహలే అను నేను, మతి స్థిమితంగా ఉండగా (అమ్మకు సందేహాలున్నవి), ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న మరణశాసనం. రేపు నోహెలానీ వదిన పాప తొలి పుట్టినరోజు విందులో, ఆమె నాన్న సోలొమోనా మామయ్య తన పాత స్టీల్ గిటారు పెట్టె తెరిచిన మరుక్షణం నా ఆయుష్షు తీరవచ్చును.

1. నా సర్ఫింగ్ పలక ఎల్డెన్ బావకు. "ఒక్క పూట వాడుకుని ఇచ్చేస్తాన్రా" అని తీసుకెళ్లి రెండేళ్లు అయినది. అక్కడే ఉన్నది గనుక మోత ఖర్చు లేదు.

2. అన్నం కుక్కరు, దాని అడుగున మాడుతో సహా, నోహెలానీ వదినకు. ఈ చావుకు ప్రేరణ ఆమెయే. "నాన్న వాయించకపోతే నా కూతురికి పుట్టినరోజేంట్రా? ఏదో ఒకటి చెయ్యి" అని కళ్లనీళ్లు పెట్టుకున్నది. మామయ్య మాత్రం, "మూడో తీగ శ్రుతిలో నిలవట్లేదు. దానికీ వయసైపోయింది, నాకూ అయిపోయింది. రేడియో పెట్టుకోండి" అని తేల్చేశాడు.

3. నా ఇంజనీరింగు పట్టా కావలసినవారికి. గిటారు దోషం నట్‌లో ఉన్నది, అనగా తీగలు కూర్చునే గాళ్ల పట్టీలో. గాడి తీగను పట్టేసేది. శ్రుతి మర తిప్పితే తీగ కదలదు, ఆనక టింగుమని ఒక్కసారిగా దూకేది. మామయ్య చేపలకు వెళ్లినప్పుడు గాడి ఆకురాయితో రుద్ది, పెన్సిలు పొడి అద్దాను. మర్నాడు చూస్తే ఆరు తీగలూ వదులు! నా పని సరిపోలేదనుకుని మళ్లీ రుద్దాను. మళ్లీ వదులు! తన ఇంటికే సొంతమైన తీగల శ్రుతిని పరాయివాడు ఎత్తుకుపోకుండా మామయ్యే రోజూ వదులు చేసి పెడుతున్నాడని ఈ ఇంజనీరింగు పట్టాదారుకు తట్టేసరికి గాడి కాస్తా కాలువ అయినది, తీగ తుమ్మెదలా జుమ్మన్నది, పాత నట్ పనికిరాకుండా పోయినది.

4. ఆకురాయి, మిగిలిన ఎముక ముక్క మామయ్యకు. అమ్మ సూపు వండిన ఎద్దు కాలి ఎముకతోనే కొత్త నట్ చెక్కాను. ఆ రోజు సూపులో ఎముక తగ్గిందని అలిగినది మీరే, మామయ్యా.

5. పైవన్నీ మరమ్మతు కిందకు వచ్చును. నేను నిజంగా చేసినది ఒక్కటే. "ఈ శ్రుతి నాతోనే పోతుంది, కాలేజీ చెవులకి ఎక్కదు" అన్నారు మీరు. కొత్త నట్ పట్టు చూడటానికి, మామయ్యా, ఆ శ్రుతే పెట్టాను. ఎవరూ చెప్పలేదు, మీ వాకిట్లో అన్నం తింటూ పెరిగిన చెవులు ఇవి. మూడో తీగ నిలిచింది. పెట్టె మూసేముందు తీగలు వదులు చేయాలని తెలుసు. చేయలేదు. వాయించే ఉక్కు కడ్డీ తీగలకు ఆనించగానే మీకు తెలియాలని.

శుక్రవారం, 9 ఆగస్టు 2019, హీలో.

(సం.) కవికా నహలే

సాక్షులు: కలేయి నహలే (తల్లి; నవ్వుతూ సంతకం చేసినది)
మసావో తనిగావా (పక్కింటివారు, గోడ అవతలి నుంచి విన్నారు, బాగుందన్నారు)