మా వాడు ఛాంపియనుకు చాలడు

బాక్సింగ్ బోర్డు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఛాంపియను బెల్టు పోటీలలో ఎదుట నిలబెట్టుచున్న మనుషుల నాసిరకం గురించియు, రాబోవు పోటీకి ఖాయం చేసిన మనిషిని కొట్టివేయవలసినదిగా కోరుట గురించియు.

పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా, నేను పాత గోడౌనులో నడిచే బాక్సింగ్ జిమ్ములో ప్యాడ్లు పట్టేవాడిని. ప్యాడ్లంటే తమరికి తెలిసే ఉండాలి. తెలియకపోతే చెబుతాను. చేతులకు తొడుక్కునే తోలు దిండ్లు. నేను అంకె అరుస్తాను, ఎదుటివాడు ఆ అంకెకు తగ్గ గుద్దు వాటి మీద వేస్తాడు. జన్మంతా ఇదే పని కాబట్టి నా వేళ్ళు వంకర తిరిగాయి, అక్షరాలు కూడా వంకరగానే ఉన్నాయి. చదువు చాలకపోవడం రెండో కారణం. తమరి ఆఫీసు మెట్ల మీద కూర్చుని అర్జీలు రాసే ఆయన పై నాలుగు వరసలు చెప్పి, "మిగతాది నువ్వు చెప్పు తాతా, నేను రాస్తా" అన్నాడు. ఇది పరాయివాడి ముందు నోటితో చెప్పే సంగతి కాదు. అందుకని నేనే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకొని చదవవలెను.

1. ఛాంపియను మంచి బాక్సరు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అలాంటి ఎడమ చెయ్యి నేను మళ్ళీ చూడను. అంత చేతికి ఎదురుగా తమరి బోర్డు ఎవర్ని తెచ్చి నిలబెడుతున్నదీ అన్నదే నా ఫిర్యాదు.

2. జరిగిన పోటీల వివరము. మొదట తెచ్చినవాడు ఆట మానేసి ఫర్నిచరు దుకాణంలో బీరువాలు మోసుకుంటున్నవాడు. గంట కొట్టాక కూడా లైట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు, పెళ్ళికొచ్చి దారి తప్పినవాడిలాగ. తర్వాతవాడు పై తూకం మనిషి. చుక్క నీళ్ళు ఇవ్వకుండా ఎండగట్టి కింది తూకానికి దించారు. తాడు పట్టుకుంటే గానీ రింగులోకి ఎక్కలేకపోయాడు, పెదాలు పగిలి ఉన్నాయి, కొట్టకముందే. మొన్న తెచ్చినవాడు నిజంగా కొట్లాడాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కొట్లాడాడు గనకనే వాడికి ఎక్కువ తగిలాయి. వాడు ఇప్పటికీ మంచం మీదనే ఉన్నాడు.

ఈ పోటీలకు జనం ఈలలు వేశారు, కుర్చీలు విసిరారు. పేపరువాళ్ళు ఛాంపియనుకు సరైన జోడీ లేదని రాశారు. జనానిది టికెట్టు బాధ. నా బాధ వేరు, అది 4లో ఉన్నది.

3. ఈ పోటీలు కుదిర్చే ఆయన్ని మేమంతా పేరయ్య అంటాము. అసలు పేరు వేరు. పెళ్ళి సంబంధాలు కుదిర్చినట్టే కుదురుస్తాడు గనక ఆ పేరు పడింది. పిల్లకు మెల్ల ఉంటే, బాగున్న కన్ను ఇటు తిప్పి చూపించే రకం. ఆయనకు కావలసిన మనిషికి ఒక కొలత ఉన్నది. పోస్టరు మీద చూస్తే జనం "ఆ, విన్నాం" అనాలి. రింగులోకి నడిచి రాగలగాలి. నడిచి పోనక్కర్లేదు.

4. ఈసారి ఆ కొలత పట్టుకొని ఆయన మా జిమ్ముకు వచ్చాడు. వెంట తమరి ఇన్‌స్పెక్టరు గారు కూడా వచ్చారు. నేను నేల మీద చెమట తుడుస్తున్నాను.

"పెద్దాయనా, నీ కొడుకుని చూసి పోదామని వచ్చాం" అన్నాడు పేరయ్య.

"చూడు, గుమ్మానికి టికెట్టు లేదు" అన్నాను.

"ఇంకా ఆడుతున్నాడా?"

"ఆడకపోతే ఏం చూద్దామని వచ్చావు?"

అలా పెంకిగా మాట్లాడింది నేనే. మా వాడు అప్పటికే చేతులకు పట్టీలు చుట్టుకొని నవ్వుతూ వచ్చి నిలబడ్డాడు. నేను ప్యాడ్లు తొడిగాను, అంకెలు అరిచాను, వాడు కొట్టాడు. చప్పుడు గోడౌను రేకులకు తగిలి తిరిగొచ్చింది. "తుపాకీ పేలినట్టుంది కదండీ" అన్నాడు పేరయ్య. ఇన్‌స్పెక్టరు గారు తలూపి, పోటీకి అర్హుడు అని రాసుకొని వెళ్ళారు.

అయ్యా, ఇక్కడ తమరు కాస్త ఆగి చదవవలెను. ప్యాడ్లు పట్టడమంటే చేతులు చాచి నిలబడడం కాదు. గుద్దు వచ్చి తగిలేలోపల ప్యాడు తానే ముందుకు పోయి గుద్దును అందుకోవాలి. అప్పుడే ఆ చప్పుడు వస్తుంది. కొట్టేవాడు ఆలస్యమైతే నా చెయ్యీ ఆలస్యంగా పోతుంది. వాడు గురి తప్పితే తప్పిన చోటికే నా చెయ్యి పోతుంది. వాడి గుద్దులో బలం లేకపోతే ఆ బలం నా మోచేతిలోంచి వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ధైర్యం రావాలని ఇలా చేస్తాము, తర్వాత చేతులకు అదే అలవాటవుతుంది. కాబట్టి ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారు చూసింది మా వాడిని కాదు. నన్ను. అర్హుడని రాయాల్సి వస్తే నా పేరు రాయాలి.

చేతులు కదల్చకుండా పట్టవచ్చు కదా అంటారు. పట్టవచ్చు. పట్టి ఉంటే నలుగురి ముందు మా వాడు గాలిని గుద్దుకుంటూ తూలేవాడు. అది చూస్తూ చేతులు కట్టుకోగల తండ్రి ఎవడైనా ఉంటే తమరు నాకు చూపించండి, వాడికి దణ్ణం పెడతాను.

5. మా వాడి స్థితి. వాడు టైర్ల దుకాణంలో పని చేస్తాడు. ఇదివరకు లారీ చక్రం ఒక్కడే విప్పేవాడు. ఇప్పుడు యజమాని గాలి పట్టే పని మాత్రం ఇచ్చాడు, మంచివాడు గనక. మొన్న, గాలి నిండిన చక్రానికే మళ్ళీ మళ్ళీ గాలి ఎక్కించి పేల్చాడు. చప్పుడుకు అందరూ దూరంగా ఉరికారట, వాడు మాత్రం రింగులోలాగ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టి నిలబడ్డాడట. దుకాణంలోవాళ్ళు నవ్వుతూ చెప్పారు, నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

మా కోడలు వాడి చొక్కాల గుండీలన్నీ విప్పి, వాటి చోట నొక్కితే పట్టుకునే బొత్తాలు కుట్టింది. గుండీలు పోలేదు, పైన కనబడేలా అలాగే కుట్టి ఉంచింది, లోపల నొక్కుడు బొత్తాలు. వాడికి తెలియదు. నాకూ చెప్పలేదు. బట్టలు ఆరేస్తుంటే చూశాను. నేను చూడడం ఆమె చూసింది.

6. డాక్టరు పరీక్షలో నెగ్గాడు కదా అని తమరు అడగవచ్చును. నెగ్గాడు. పేరు చెప్పమంటే చెప్పాడు, వేలు చూపిస్తే వేలి వెంట చూశాడు, గీత మీద నడవమంటే నడిచాడు. పొద్దున్నే పెట్టారు పరీక్ష. పొద్దున మా వాడు బాగుంటాడు, జోకులు కూడా వేస్తాడు. పొద్దు వాలితే మాట ముద్దవుతుంది, ఎడమ కాలు వెనకబడుతుంది. తమరి పోటీ పొద్దు వాలినాక.

7. వాడితో నేను చెప్పలేదా అంటే చెప్పాను.

"ఈ పోటీ వద్దురా" అన్నాను.

"ఎందుకు నాన్నా?"

"వయసు అయిపోయింది. కాళ్ళు చాలడం లేదు."

"కాళ్ళ సంగతి వదిలెయ్. ఆ రోజు ప్యాడ్ల మీద చప్పుడు విన్నావా లేదా?"

నేను నా వంకర వేళ్ళు నొక్కుకున్నాను.

"విన్నావు కదా. మరి? నీ చేతులతోనే పట్టావు, నీకు తెలియదా?"

నా చప్పుడే నాకు జవాబు చెప్పింది. అది నా చేతుల పనిరా అని అప్పుడే అనాల్సింది. నోరు తెరిచాను. వాడి మొహం చూసి మూసుకున్నాను. చిన్నప్పటినుంచి వాడు ఖాళీ గోడల మీద ఊహించుకున్నది ఒక్కటే, ఛాంపియను ఫోటో పక్కన తన ఫోటో ఉన్న పోస్టరు. ఇప్పుడు అచ్చు వేశారు. వంటింటి తలుపుకు అంటించాడు. వాడి ఫోటో పాతది, అందులో ముక్కు ఇంకా తిన్నగా ఉన్నది.

కోడలు తర్వాత నాతో అన్నది, "మామయ్యా, మీరు చెబితే వినడు. నేను చెబితే అసలు వినడు. పైవాళ్ళు ఆపితే తప్ప ఆగడు." అందువల్ల ఈ అర్జీ.

8. ఇది ఫిర్యాదు కాదు, అయినా రాస్తున్నాను. నేను ఛాంపియను ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే పంపేస్తారనుకున్నాను. లోపలికి పిలిచాడు. కుర్చీ తానే తెచ్చి వేశాడు.

"మా వాణ్ణి కొట్టొద్దు" అన్నాను. వేరే మాట రాలేదు.

"నాకు ఎవర్నిస్తే వాళ్ళని కొట్టాలి తాతా. కొట్టనంటే బెల్టు తీసేసుకుంటారు. మెల్లగా కొడితే పోటీ అమ్ముకున్నాడంటారు."

"మెల్లగా కొట్టమని నేనూ అడగను. మా వాడికి అవమానం."

అతను తన చేతులు చూసుకున్నాడు. "పోయినసారి ఆడినవాడిని చూడ్డానికి వెళ్ళాను. వాడు నన్ను గుర్తుపట్టలేదు. వాడి పెళ్ళాం నాకు టీ ఇచ్చింది. తిడితే బాగుండేది తాతా" అన్నాడు.

వచ్చేటప్పుడు గేటు దాకా నడిచొచ్చి ఇంకొక మాట కూడా అన్నాడు. దాని సంగతి అర్జీ కింద రాస్తాను, ఇక్కడ నప్పదు.

9. కాబట్టి కోరునది ఏమనగా:

మా వాడిని మళ్ళీ పరీక్ష చేయించవలెను. సాయంత్రం పూట చేయించవలెను. ప్యాడ్లు నేను గాక వేరేవాడు పట్టవలెను, వాడు చేతులు కదల్చకూడదు. లేదా వేలాడే సంచి మీద కొట్టించవలెను. సంచి ఎవరికీ ఎదురురాదు. రెండు నిమిషాలు చూస్తే తమరికే తెలిసిపోతుంది. ఆ తర్వాత పోటీ కొట్టివేయవలెను.

అంత తీరిక లేదంటే నా మాట మీదనే కొట్టివేయండి. వాడికి ఆట నేర్పినవాణ్ణి, కన్నవాణ్ణి. నేను నా చేత్తో రాసి ఇస్తున్నాను: మా వాడు ఛాంపియనుకు చాలడు. ఛాంపియనుకే కాదు, ఎవరికీ చాలడు. ఈ మాట మా జిమ్ములో ఇంకెవడైనా అని ఉంటే పళ్ళు రాలగొట్టేవాణ్ణి. ఈ వయసులో కూడా.

10. తమరు ఏమీ చేయని పక్షంలో ఆ రోజు వాడి కార్నరులో టవలు పట్టుకొని నేనే ఉంటాను. గంట కొట్టగానే టవలు రింగులో వేసి ఓటమి ఒప్పుకుంటాను. ఒక్క గుద్దు పడేదాకా కూడా ఆగను. జనం నవ్వుతారు. మా వాడు ఆ పూట నుంచి నన్ను నాన్నా అని పిలవడు. పిలవకపోయినా ఫరవాలేదు, నన్ను గుర్తుపడితే చాలు. ఇది బెదిరింపు కాదు. ముందుగా తెలియజేయుట.

పై సంగతులన్నీ చిత్తగించి, గంట కొట్టకముందే తమరు కలం కదపవలెను. విధేయుడు అని రాయాలట. నాకు ఒంగడం అలవాటు లేదు, అయినా ఈ పనికి ఒంగుతున్నాను.

తమ విధేయుడు,
గోడౌను జిమ్ములో ప్యాడ్లు పట్టే ముసలాడు

తా.క.: తమరి జవాబు ఇంటికే వస్తుంది. మా వాడు తానే విప్పుకొని చదువుతాడు. కాబట్టి అందులో అర్హత చాలదని రాయవద్దు. నేను పైన రాసినదంతా తమరి దగ్గరే ఉంచుకోండి, వాడి కంట పడనివ్వకండి. జవాబులో ఈ విధంగా రాయండి: "ఛాంపియను పోటీకి వెనకాడినందున రద్దు చేయడమైనది." తమరి పుస్తకంలో మాత్రం అసలు కారణమే రాసుకోండి, అతని బెల్టు పోకూడదు. ఛాంపియను ఒప్పుకున్నాడు. గేటు దగ్గర అన్న మాట అదే. "నేను భయపడ్డానని చెప్పుకోండి తాతా, నాకేం పోదు" అన్నాడు.

బోర్డు కాగితం మీద అబద్ధం ఎలా రాస్తామంటారేమో. అర్హుడని రాసినప్పుడు రాశారు కదా.

అది చదివి వాడు "చూశావా నాన్నా, భయపడ్డాడు" అంటాడు. నేను ఔనురా అంటాను. మర్నాటికి మరచిపోయి, పోటీ ఎప్పుడు నాన్నా అని అడుగుతాడు. మళ్ళీ ఆ కాగితమే తీసి చేతికిస్తాను. మళ్ళీ చదువుకుంటాడు. ఇది రోజూ జరిగేదే కాబట్టి, త్వరగా చిరగని మందపాటి కాగితం మీద రాయించగలరు.