ఎవరి టికెట్టూ కాని పని

మార్చి 4, సోమవారం

కిమ్చీ పచ్చడి దాచే ఫ్రిజ్ తలుపు నిండా పసుపు కాగితాలే. మా అమ్మాయి యన్‌జు ఆఫీసు పని ఇంటికి తెచ్చి అంటించింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు మెడలో వేసుకునే గంట ఒకటి చేస్తోందట వాళ్ళ టీమ్. కష్టమొచ్చి నొక్కితే అవతల మనిషి పలుకుతుందట. ఆ ప్లాన్‌ని ముక్కలు చేసి ముక్కకో కాగితం రాస్తుంది. దాన్ని టికెట్ అంటారు. ఒక్కోటి ఒక్కరు ఒక్కరోజులో ముగించేంత ఉండాలట.

సంక్షేమ కేంద్రంలో అక్షరాలు నేర్చుకుంటున్నానుగా, కూడబలుక్కుని చదివాను. ఒళ్ళు మండిపోయింది. అన్నిటికీ ఒకటే మొదలు. ముసలిదాన్ని నేను, నాకు పెద్ద అక్షరాలు కావాలి. ముసలిదాన్ని నేను, మరిచిపోతాను, రెండుసార్లు చెప్పాలి. ఎవరే ఆ ముసలిది అని అడిగాను. నువ్వు కాదమ్మా, వాడేవాళ్ళ నోటితో రాయడం మా పనిలో పద్ధతి అంది. ఈ ఇంట్లో ఇంకో ముసలిది ఏ మూల దాక్కుందో!

తలుపు తీస్తే కాగితాలు ఊడతాయేమోనని భయం. కిమ్చీ లేకుండానే తిన్నాను.

మార్చి 7

ఒక కాగితం మాత్రం నాకు నచ్చింది. గంట నొక్కితే మనిషి పలకాలి అని. ఇవాళ చూస్తే అది లేదు. మరీ పెద్దది, విరగ్గొట్టు అన్నాడట వాళ్ళ డైరెక్టర్. దాని చోట చిన్నచిన్నవి వచ్చాయి. బొత్తాం వెలగాలి. గంట మోగాలి. ఆగమని చెప్పాలి. ఆగినంతసేపూ పాట రావాలి.

మనిషేదే అన్నాను. అన్నీ కలిస్తే అదేనమ్మా అంది. గ్యాస్ కట్టేశావా అన్నాను. కట్టేశానంది. వెళ్ళి చూశాను. కట్టే ఉంది.

మార్చి 8

మనిషేది?

మార్చి 20

కాగితాలన్నీ తలుపు కుడివైపుకి చేరాయి. అంటే పని అయిపోయినట్టు. మొదటి గంట మా పై అంతస్తులో ఒంటరిగా ఉండే ఓక్‌బున్ అక్క మెడలో పడింది. అక్క నన్ను పిలిచి, యన్‌జు అమ్మా, నాకూ ఆవుకి కట్టినట్టు గంట కట్టారే, తప్పిపోతే వెతుక్కోవచ్చు అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. తాడు మెడకి బిగుస్తుందేమో. తడిస్తే షాక్ కొడుతుందేమో. యన్‌జుని అడిగితే నీ భయాలకి అంతు లేదమ్మా అని విసుక్కుంది.

మార్చి 26

కోపంతో రాస్తున్నాను. అక్షరాలు గీత దాటిపోతున్నాయి.

అక్క పొద్దున స్నానాలగదిలో జారిపడింది. గంట నొక్కింది. అది మోగింది. వెలిగింది. ఎవరో ఆడపిల్ల గొంతు, మీ పిలుపు అందింది, దయచేసి ఆగండి అంది. తర్వాత పాట. మళ్ళీ ఆగండి. మళ్ళీ పాట. సాయంత్రం నేను సముద్రపు నాచుతో కాచిన మియోక్ చారు పట్టుకుని వెళ్ళేసరికి కూడా పాట వస్తూనే ఉంది. చారుగిన్నె అక్కడే పడేసి అరిచాను.

మార్చి 27

తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి మంచం మీద అక్క ఏమందంటే, ఆ పిల్ల ఎంత మర్యాదగా ఆగమందో, నేనూ అంతే మర్యాదగా ఆగాను యన్‌జు అమ్మా అంది. నవ్వబోయి నొప్పికి మూలిగింది. నేను వరండాలోకి వచ్చి గోడని కొట్టాను. నర్సు తిట్టింది.

మార్చి 28

ఆఫీసులో మీటింగ్ పెట్టారట. బొత్తాం వాడిది తప్పు కాదు, వెలిగింది. పాట వాడిదీ కాదు, వచ్చింది. ఫోన్ ఎత్తే మనిషి ఎవరి టికెట్? ఎవరిదీ కాదు. రాయనేలేదు. డైరెక్టర్ అన్నాడట, అన్ని టికెట్లూ పూర్తయ్యాయి, మన పని మనం చేశాం అని. వాడి మొహం మండ! వాడి తల్లి మెడలో కట్టాలి ఆ గంట.

ఆ మంటంతా యన్‌జు మీద చూపించాను. అడిగానా లేదా, మనిషేదని అడిగానా లేదా అని. అది లేచి అరిచింది. గ్యాస్ అంటావు, లిఫ్ట్ అంటావు, తాడంటావు, షాకంటావు, వాటిల్లో ఏది వినాలమ్మా నేను అంది. ఇద్దరం అన్నం తినలేదు.

ఏప్రిల్ 1

గురువారం పేటంతా గంటలు పంచుతారట. మనిషిని తర్వాత చూద్దాం, జీతాలిచ్చి కూర్చోబెట్టడం మన పని కాదు, వార్డు ఆఫీసుది అన్నాడట డైరెక్టర్. మాది కాదు, మీదే అందట వార్డు ఆఫీసు. మనిషి లేకుండా పంచడానికి ఒప్పుకోను అందట మా అమ్మాయి. అయితే ఒప్పుకునేవాళ్ళకి నీ కుర్చీ ఇస్తాను అన్నాడట. కుర్చీ పోతుందని భయంగా ఉంది. ఒప్పుకుంటుందేమోనని ఇంకా భయంగా ఉంది.

ఏప్రిల్ 3

యన్‌జు ఎవరికీ చెప్పకుండా గంటల పిలుపులన్నీ తన ఫోన్‌కే వచ్చేలా తిప్పేసింది.

ఏప్రిల్ 4, ఉదయం పదకొండు

పొద్దున్నే పేటంతా గంటలు పంచేశారు. డైరెక్టర్ పిలిపించాడని యన్‌జు వెళ్ళింది. మోగితే ఎత్తమ్మా అని ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్ళింది. ఏం మాట్లాడాలో చెప్పలేదు.

మోగింది. ఎత్తాను. చెప్పండి అన్నాను. అవతల మాట లేదు. ఎవరో ఊపిరి తీస్తున్నారు. పొయ్యి మీద పులుసు మాడుతోంది, వాసన తెలుస్తోంది. ఉన్నాను అన్నాను. ఇంకా ఊపిరి తీస్తున్నారు. ఉన్నాను.