ఓడ ఎక్కిన తులసి

ధూల్‌పేట్,
మంగళవారం, డిసెంబరు 1982

గౌరవనీయులైన మావారికి, ఆండాలు నమస్కరించి రాయునది.

మీరు డ్యూటీ దిగి వచ్చేసరికి నేను మద్రాసు రైల్లో ఉంటాను. స్టేషనుకు వచ్చి సాగనంపమని నేను అడగలేదు, వస్తానని మీరూ అనలేదు. అన్నం వండిపెట్టాను. కూర మీ అక్క వండుతుంది. ఉప్పెక్కువైతే కళ్లు మూసుకుని తినండి, చిన్నప్పటి నుంచి అలవాటే కదా.

ఈ ఓడ ప్రయాణం ఎవరి నోట పుట్టిందో గుర్తుందా? మీ తపాలా ఆఫీసులో మీ పక్క బల్ల బాలకిషన్ గారు, మనకు కాబోయే వియ్యంకుడు, "ఎల్‌టీసీ వచ్చింది గదా, ఖర్చు సర్కారుదే, రెండు కుటుంబాలు కలిసి అండమాన్ పోదాం, ఓడ మీద మస్తుగుంటది" అన్నాడు. మీరు నలుగురి ముందు మీసం దువ్వి, "ఎందుకు పోం భాయ్, ఇయ్యాల్నే రాసెయ్" అన్నారు. నయాపూల్ మీద నడుస్తూ మూసీలో మోకాటి లోతు నీళ్లు కనబడితే పక్కవాడి చొక్కా పట్టుకునే మనిషి సముద్రం దాటుతానన్నాడు! తీరా టికెట్లు చేతికొచ్చాక మీకు సెలవు దొరకలేదు. దొరకలేదో, మీరు అడగనేలేదో మీకే తెలియాలి.

పోనీ నేనూ మానేస్తానంటే మీ అక్క నాగమణమ్మ ఊరుకోలేదు. "పోకుంటే ఆళ్లకు అనుమానం రాదా? పో. పోయి సూది సంగతి బయటపడకుండ రా" అంది. మాఘంలో మన రాజమణి పెళ్లి, బాలకిషన్ గారి అబ్బాయితో. తల్లికి షుగర్ ఉందని తెలిస్తే పిల్లకూ వస్తుందని సంబంధం తప్పిపోతుందట. అందుకని రోజూ సూదిమందు పొడుచుకునే మనిషి, ఏ రోగమూ లేనట్టు వియ్యపురాలి పక్కనే పడుకుని సముద్రం దాటి రావాలి. ఎంత తెలివి! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

ఆ తులసి తొట్టి ఉపాయం కూడా ఆమెదే. పక్కింట్లో వినాయకుళ్లను చేసే బీరయ్యతో చిన్న తొట్టి చేయించింది. ఓ పక్క తులసి మొక్క, ఇంకో పక్క తడిమట్టిలో పాతిన ముంత. ముంతలో నా మందు సీసాలు, పైన మూకుడు, మూకుడు మీద పసుపు కుంకుమ. రెండు పూటలా నీళ్లు పోస్తే మొక్కా బతుకుతుంది, మందూ చల్లగా ఉంటుంది. దేవుడి సొమ్మని ఎవరూ ముట్టుకోరు. "ఓడ మీద తులసి ఏందక్కా?" అని బీరయ్య అడిగితే, మొక్కు అని చెప్పాను. అతను నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇంతవరకు నోరెత్తి చెప్పని ఒక మాట ఇప్పుడు రాస్తున్నాను. నిశ్చితార్థం నాడు వియ్యపురాండ్రు ఒకరి నోట్లో ఒకరు తీపి పెట్టుకోవాలన్నారు. బాలకిషన్ గారి భార్య సుశీలమ్మ నా నోటికి లడ్డూ అందించింది. నేను తటపటాయిస్తే మీ అక్క నా చెవిలో, "ఒక్కపూట తింటే సస్తవా? తిను" అంది. నేను మీ వంక చూశాను. మీరు పైన తిరిగే ఫ్యాను వంక చూశారు. పైగా బాలకిషన్ గారితో, "మా ఆమెకు ఏ బీమారీ లేదు భాయ్, గుండ్రాయి లెక్కుంటది" అన్నారు. నేను తిన్నాను. ఒకటి కాదు, పెట్టినవన్నీ తిన్నాను. ఆ సాయంత్రం నాలుక పిడచకట్టుకుపోయి, కళ్లు తిరిగి మంచం పట్టి ఉంటే, ఉపవాసం ఉందని వాళ్లకు చెప్పారు. నా రోగం నన్ను అంత బాధపెట్టలేదు. నేను ఎదురుగా ఉండగానే నన్ను దాచేశారు చూడండి, అది బాధపెట్టింది.

అన్నట్టు ఆ మహాతల్లి సుశీలమ్మ ఏం చేసిందో మీరు చూడలేదు. నేను పెట్టిన లడ్డూను బుగ్గన పెట్టుకుని, అటు తిరిగి కొంగులోకి ఊసింది. మనింటి తీపి ఆమె నోటికి ఆనలేదు. అలాంటి మనిషితో ఇన్ని రోజులు!

మీ పరువు మూటగట్టుకుని పోతున్నాను. సెలవు.

ఇట్లు,
ఏ బీమారీ లేని మీ ఆండాలు


ఓడ మీద,
శనివారం

నీళ్లకు దూరంగా క్షేమంగా ఉన్న మావారికి,

ముందు ఒక మాట చెప్పేస్తాను. సముద్రం నాకు నచ్చింది. ఇంత సంతోషం నా ఒంట్లో ఎక్కడ దాగుందో నాకే తెలియదు. పొద్దున్నే పైకెక్కి కమ్మీ పట్టుకుని నిలబడితే, లాడ్ బజార్‌లోని నీలం గాజులన్నీ ఒక్కచోట పోసినట్టు నీళ్లు. చేపలు పిచ్చుకల్లా ఎగిరి మళ్లీ నీళ్లలో పడుతున్నాయి. "తిన్నావా? ఎందుకు తిన్నావ్? తినలేదా? ఎందుకు తినలే?" అని అడిగే మీ అక్క గొంతు ఇక్కడికి వినబడదు. షుగర్ వచ్చినప్పటి నుంచి నన్ను గోడకు తగిలించిన ఫోటోలా చూస్తున్నారు, దండ ఒక్కటే తక్కువ. ఇక్కడ నా కాళ్ల మీద నేను నిలబడ్డాను. ఓడ ఊగినా సరే.

మగవాళ్ల సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. మస్తుగుంటదన్న బాలకిషన్ గారు ఓడ కదిలిన దగ్గర్నుంచి మగవాళ్ల గదిలో ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని మూలుగుతున్నాడు. "చెల్లెమ్మా, భూమి ఎప్పుడొస్తది?" అని నన్నడుగుతాడు, నా కొంగున కట్టుకొచ్చినట్టు. మీరూ వచ్చి ఉంటే ఇద్దరికీ ఒకే నిమ్మకాయ సరిపోయేది.

ఆడవాళ్ల గదిలో నాదీ సుశీలమ్మదీ పక్క పక్క పడక బల్లలు. నా తిప్పలు వినండి. అందరూ లేవకముందే స్నానాల గదికి పోవాలి. సూది సబ్బు పెట్టెలో ఉంటుంది. ఓడ అటు ఒరిగితే నేను ఇటు, తలుపుకు కాలు అడ్డం పెట్టి, పళ్ల మధ్య కొంగు పట్టుకుని పొడుచుకోవాలి. దొంగసారా సీసాను కూడా ఎవరూ ఇంత భద్రంగా దాచరు. సూది వేసుకున్నాక వేళకు తినాలి కదా, లేకపోతే ఒంట్లో షుగర్ మరీ పడిపోతుంది, ఇక్కడ గంట కొడితేగానీ తిండి లేదు. ఆలస్యమైతే చేతులు వణుకుతాయి. "చలి" అంటాను. డిసెంబరు కదా, చెల్లిపోతోంది.

ఇక సుశీలమ్మ వేషాలు. ఆమె వెంట ఒక మట్టి కూజా ఉంది, దానికి తడిగుడ్డ చుట్టి తల దగ్గరే పెట్టుకుంటుంది. దాహమై అడిగితే, "ముట్టకు వదినె, అది మడి నీళ్లు" అంది. పుట్టింటివాళ్లు పాలు పోసేవాళ్లు, ఆమె పెరిగింది బర్రెల కొట్టంలో. ఈ మడి ఏ సంతలో కొనుక్కొచ్చిందో! దేవుడి పెట్టె అని ఒక చిన్న స్టీలు పెట్టె కూడా ఉంది, దాన్ని తీసుకుని స్నానాల గదిలోకి పోతుంది. దేవుడికి అక్కడ ఏం పనో నాకర్థం కాలేదు. అన్నం ముట్టదు, రొట్టెలే కావాలి. రాజుల కడుపు మరి.

ఇంతా చేసి, ఉస్మాన్‌గంజ్ దగ్గర కొన్న బాదుషాల డబ్బా తెరిచి, "తిను వదినె, కాబోయే సుట్టాలం, నువ్వు తినకుంటే నాకు మనసొప్పది" అని ఒకటే పోరు. ఆమె పెట్టినప్పుడు నేను కాదనకూడదు కదా, మర్యాద. నేనూ మీ అక్క కట్టిచ్చిన నువ్వుల లడ్డూలు తీసి, "నువ్వు తినకుంటే నా మీద ఒట్టే" అంటాను. ఆమె ఇచ్చింది కొంగు చాటున పెట్టుకుని, పైకెక్కి కమ్మీ మీంచి వదిలేస్తున్నాను. ఈ పాటికి బంగాళాఖాతంలో చేపలకు షుగర్ వచ్చి ఉంటుంది.

నిన్న నా తులసికి నీళ్లు పోస్తుంటే, "రోజుకు గన్నిసార్లు పోస్తే మొక్క కుళ్లదా?" అని నవ్వింది. ఆ నవ్వుతో నా కడుపు మండిపోయింది. అందుకే నిశ్చయించుకున్నాను. పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన వెంటనే ఆమె ముఖం మీదే చెప్పేస్తాను, నాకు షుగర్ ఉంది, సూది వేసుకుంటాను అని. తల్లి రోగం విని తప్పుకునే సంబంధమైతే ఇప్పుడే తప్పుకోనీ. రేపు నా బిడ్డకు నిజంగానే వస్తే, ఆ ఇంట్లో అది కూడా స్నానాల గదిలో తలుపుకు కాలు అడ్డం పెట్టుకుని బతకాలా? మీకు కోపం రావచ్చు. వచ్చేలోపు నేను చెప్పేసి ఉంటాను.

ఇట్లు,
ఆండాలు


పోర్ట్ బ్లెయిర్,
సోమవారం

నేల మీద నుంచి మావారికి,

ఓడ మీద రాసిన ఉత్తరం చింపేద్దామనుకున్నాను. మీరు చదవాల్సిందేనని దీంతోపాటు అదే కవర్లో పెడుతున్నాను.

నేను చెప్పడానికి దిగేదాకా ఆగాల్సిన పని పడలేదు. నిన్న పొద్దున సముద్రం బాగా పొంగింది. వంటగదిలో గిన్నెలు దొర్లిపోయాయని, పొయ్యి ముట్టించలేమని, ఎవరి చోట వాళ్లు కూర్చోమని చెప్పారు. నేను అప్పటికే సూది వేసుకున్నాను. తిండి లేదు, గంట లేదు. నా చేతులు వణకడం మొదలైంది. అప్పుడు చూశాను, పక్క బల్ల మీద సుశీలమ్మ.

ముఖమంతా చెమట. రవిక తడిసిపోయింది. బల్ల అంచు పట్టుకుని, "ఆ బర్రెను ఇప్పింది ఎవరే? కట్టెయ్యుర్రి" అని అరుస్తోంది. అడ్డం వచ్చిన ఒకామెను నెట్టేసింది. ఒకామె గాలి సోకిందంది, ఇంకొకామె సముద్రపు వాంతి అంది. బాలకిషన్ గారు గడప దాకా పాక్కుంటూ వచ్చి, "ఏమైంది ఆమెకు? ఏమైంది?" అని నన్నే అడిగాడు. ఆయన ముఖం చూస్తే ఏమైందో ఆయనకు తెలుసని నాకర్థమైంది. చెప్పడానికి నోరు రాలేదు. ఆ వేళ అచ్చం మీలాగే కనిపించాడు, తలమీద ఫ్యాను లేదంతే.

నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆ చెమట నాది, ఆ పిచ్చి మాటలు నావి. బాదుషాల డబ్బా లాగి, చిన్న ముక్క తుంచి, "మింగు వదినె, మింగు" అని పెట్టాను. గడ్డం పట్టుకుని మింగించి, ఇంకో ముక్క పెట్టాను. నావీ వణుకుతున్న చేతులే, ఒకటి నా నోట్లోనూ వేసుకున్నాను. కాసేపటికి ఆమె కళ్లు నిలబడ్డాయి. నా వంక చూసింది, డబ్బా వంక చూసింది.

"నీకెట్ల ఎరుకైంది?" అంది సన్నగా.

నేను తొట్టి మీది మూకుడు తీసి ముంత చూపించాను. ఆమె వంగి ముంతలోకి చూసింది. తర్వాత కూజా మూతి లోంచి దారం పట్టి లాగింది. దాని చివర గుడ్డసంచీలో అవే సీసాలు. అదీ మడి నీళ్ల సంగతి. దేవుడి పెట్టెలో ఉన్నది సూది.

"మరి నిశ్చితార్థం నాడు లడ్డూ ఊసినవ్?" అన్నాను.

"మింగితే సస్తుంటి. ఊస్తే పరువు పోతుండె. కొంగు మంచిదని ఊసిన. నువ్వెట్ల తింటివి గన్ని?"

"ఊసే తెలివి లేక" అన్నాను. ఇద్దరం నవ్వుతూ ఏడ్చాం. గదిలోవాళ్లు ఇద్దరికీ గాలి సోకిందనుకున్నారు. ఆమె నా లడ్డూలన్నీ రెండో వైపు కమ్మీ మీంచి సముద్రంలో వేసిందట. దొందూ దొందే.

"అత్తకు సూదులు పొడవాల్సొస్తదని ఆడపిల్లోళ్లు ఎనకకు పోతరు, చెప్పకు" అని ఆమెకూ ఇంట్లో హుకుం. ఇచ్చింది ఎవరో మీరు ఊహించగలరు, ఇప్పుడు ఇక్కడ నేల మీద కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతూ మా వైపు చూడలేకపోతున్నాడు. మీరిద్దరూ ఎన్నేళ్లుగా పక్క పక్క బల్లల మీద కూర్చుని ఊళ్లోవాళ్ల ఉత్తరాలు సరిగ్గా ఎవరిది వాళ్లకు పంపుతున్నారు! ఒకే టిఫిను ముందు కూర్చుని తింటారు. ఇద్దరూ పెళ్లాల రోగాన్ని ఒకరికొకరు దాచుకున్నారు. మీ బోటి మగవాళ్లను నమ్మి ఇద్దరం ప్రాణాల మీదికి తెచ్చుకున్నాం. మీలో ఒక్కరు నోరు విప్పి ఉంటే ఓడ మీద ఇద్దరికీ ఒక ముంత సరిపోయేది.

ఇక నేను చెప్పేది మీ అభిప్రాయం కోసం కాదు. రాజమణికీ, అబ్బాయికీ మేమిద్దరం కలిసి విడిగా ఉత్తరాలు రాశాం, రెండు వైపులా షుగర్ ఉందని. తెలిసి చేసుకుంటామంటే మాఘంలో పెళ్లి. వద్దంటే వాళ్లిష్టం, ఎవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదు. పెళ్లే గనక జరిగితే వియ్యపురాండ్ర తీపి ముచ్చట ఉండదు. మిరపకాయ బజ్జీలు వేయించండి, ఒకరి నోట్లో ఒకరం అవే పెట్టుకుంటాం. దానికి ముందు పందిట్లోనే, అందరూ చూస్తుండగా సూదులు వేసుకుంటాం. మీ అక్కను ముందు వరసలో కూర్చోబెట్టండి.

నికోబార్ దీవులకు ఇంకో ఓడ ఉందట. వెనక్కి పోయే ఓడ దానికి చాలా రోజుల తర్వాతగానీ లేదు. సుశీలమ్మా నేనూ ఆ నికోబార్ ఓడ మీద పోతున్నాం. ఇక్కడి ఆసుపత్రిలో అడిగాం, చాలినంత మందు ఇచ్చారు. ఈసారి బిస్కెట్లూ బెల్లం ముక్కలూ కొంగున కట్టుకున్నాం, వంటగదిని నమ్ముకోం. బాలకిషన్ గారు నేల వదలనంటున్నాడు, ఇక్కడే ఉంటాడు. మంగళసూత్రం గొలుసు, పందిరి, వంటవాళ్లు, చుట్టాలకు శుభలేఖలు, అన్నీ మీరూ మీ అక్కా చూసుకోండి. సెలవు దొరక్కపోతే అడగండి, అడిగితే ఇస్తారు.

తొట్టి గురించి మీ అక్క తప్పక అడుగుతుంది. ఉప్పుగాలికి తులసి ఎండిపోయిందనీ, మందు చల్లగానే ఉందనీ చెప్పండి. ముంత మీది మూకుడు తీసేశాను.

ఇట్లు,
షుగర్ ఉన్న ఆండాలు